మూడో చెరువు లెక్క

ఆత్మకూరులో నేను పనిచేసిన గదికి ఒకే ఒక కిటికీ ఉండేది. దుమ్ము పడితే మెషీన్లు పాడవుతాయని మా ఇంజనీరు గారు దానికి మేకులు కొట్టించారు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో లోపల కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. మా పనేమో వానల గురించి లెక్కలు కట్టడం.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మాది ఉదయగిరి. నాయన అక్కడి బడిలో పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యాడు. నేను కంప్యూటర్ కోర్సు చదివి, నెల్లూరులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైపింగు నేర్పుతూ రెండేళ్లు గడిపాను. అప్పుడే చెరువుల పథకం ఒకదానికి కాంట్రాక్టు మీద మనిషి కావాలని తెలిసింది. లినక్స్ తెలిసి ఉండాలన్నారు. ఆ రోజుల్లో మా వైపు ఆ మాట విన్నవాళ్లే తక్కువ. కాలేజీలో ఉండగా ఒక పత్రికతో వచ్చిన సీడీలు పెట్టుకుని నేను దాంతో కుస్తీ పట్టి ఉన్నాను. ఆ మాత్రం చాలని ఉద్యోగం ఇచ్చారు.

పని చెప్పడానికి తేలికే. ఉదయగిరి కొండల మీద పడిన వాన ఒక వాగులోకి దిగుతుంది. ఆ వాగు మీద ఒకదాని కింద ఒకటి నాలుగు చెరువులున్నాయి. పైది నిండితే ఎక్కువైన నీళ్లు కలుజు మీదుగా పొర్లి రెండోదానికి వస్తాయి. రెండోది పొర్లితే మూడోదానికి. పెద్ద వాన కురిస్తే ఏ కట్ట ఎంతసేపు నిలుస్తుంది, తెగితే నీళ్లు ఏ ఊరికి ఎంతసేపట్లో చేరతాయి అన్నదే మేం కట్టాల్సిన లెక్క. భూమిని చిన్న చిన్న గళ్లుగా చేసి, ప్రతి గడిలో నీటి మట్టాన్ని క్షణక్షణానికీ లెక్క కట్టుకుంటూ పోవాలి. ఒక్క మెషీను మీద అయితే వారాలు పట్టేది. అందుకే ఒక సర్వరు, దాని కింద నాలుగు మెషీన్లు పెట్టి, నల్లటి కేబుల్‌తో వరసగా కలిపారు. అన్నిటి మీదా లినక్స్ నేనే ఎక్కించాను. ఒక్కో మెషీనుకు ఒక్కో చెరువు. రెండో మెషీను తన చెరువులోంచి ఎన్ని నీళ్లు పొర్లాయో మూడోదానికి కబురు పంపాలి. ఆ కబురు అందాకే మూడోది తర్వాతి క్షణం లెక్క మొదలుపెట్టాలి.

"ఒకటి చచ్చిందంటే తక్కినవి గోడకేసి చూస్తా కూర్చుంటాయి," అని ఇంజనీరు గారు నాకు మొదటి రోజే చెప్పారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని ఉండేవారు. కంప్యూటర్ల మీద ఆయనకు నమ్మకం లేదు, భయమూ లేదు. పై నుంచి పెట్టమన్నారు కాబట్టి పెట్టారు.

లెక్కకు ముందు కొలతలు కావాలి. ఆ ఎండాకాలం నాలుగు చెరువులకూ తిరిగాను. మూడో చెరువుకు నన్ను లస్కర్ తీసుకుపోయాడు. తూము తలుపు ఎత్తడం, దించడం, కట్ట చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఖాకీ చొక్కా, సైకిలు, సైకిలుకు కట్టిన పొడుగాటి ఇనప కడ్డీ. ఆ కడ్డీ పెట్టి తిప్పితేనే తూము షట్టరు పైకి లేస్తుంది. కొన్నేళ్లుగా కరువు కాబట్టి దాన్ని తిప్పాల్సిన పనే పడలేదట. చెరువు మధ్యలో గేదెలు మడుగులో పడుకునేంత నీళ్లు మాత్రం ఉన్నాయి.

కట్ట కింద పల్లెలో ముప్పై గడప ఉంటుంది. గొర్రెలు మేపుకునే అవ్వ ఒకామె మేము టేపు పట్టుకుని నడుస్తుంటే వెనకాలే వచ్చింది. తూముకు కాస్త ఇవతల, కట్ట పాదం దగ్గర ఆగి చేతికర్రతో నేలను పొడిచింది. కర్ర చివర తడిగా బయటికి వచ్చింది.

"ఈ కట్ట నీళ్లు తాగతా ఉండాది పాపా," అంది.

"చెరువులో నీళ్లే లేవు గదా అవ్వా?"

"ఉండే రవ్వన్ని నీళ్లే తాగతా ఉండాది. నిండితే ఇంకెంత తాగద్దో."

లస్కర్ వంగి ఆ మట్టిని వేళ్లతో నలిపి చూశాడు. "ఈడ పెద్ద చిల్లచెట్టు ఉండె. కొట్టుకుపోయినారు. వేరు లోపల కుళ్లిపోయుంటది," అన్నాడు.

నా చేతిలో ఉన్న ఫారంలో కట్ట పొడవుకు, ఎత్తుకు, వెడల్పుకు, తూముకు, కలుజుకు గళ్లు ఉన్నాయి. తడికి గడి లేదు. అంచున పెన్సిలుతో 'పాదం దగ్గర తేమ' అని రాసుకున్నాను. ఆత్మకూరు వచ్చి అంకెలన్నీ మెషీనులో ఎక్కించేటప్పుడు ఆ మాటను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ప్రోగ్రాంకు అంకెలే కావాలి. కట్ట మీద బండ్లు ఎక్కి దిగే చోట మట్టి అరిగి రెండడుగులు పల్లంగా ఉంది. అది అంకె కాబట్టి అదొకటి ఎక్కించాను.

మొదటి రన్ మూడు పగళ్లు, మూడు రాత్రులు నడిచింది. నేను పొద్దున్నే వచ్చి ఏ మెషీను ఎంత కష్టపడుతోందో చూపించే తెర తెరిచేదాన్ని. నాలుగూ నూటికి నూరు అని కనిపిస్తే కాఫీ తాగడానికి పోయేదాన్ని. నాలుగో రోజు పొద్దున ప్రింటరు కరకరమంటూ కాగితం కక్కింది. ఒకటో చెరువు నిలిచింది. రెండోదీ నిలిచింది. మూడోదాని వరస దగ్గర అంకెలు పెరిగి పెరిగి ఒకచోట హఠాత్తుగా పడిపోయాయి. బండ్లు దిగే పల్లం మీదుగా నీళ్లు పొర్లి కట్ట కోసుకుపోయిందని దానర్థం. కింద గడిలో, అంటే పల్లె ఉన్న గడిలో, గంట తిరక్కుండానే మనిషి తల మునిగే నీళ్లు.

ఆ కాగితం చింపి ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"ఇంకోసారి ఆడించు," అన్నారు.

ఆడించాను. ఈసారి వేరే జవాబు వచ్చింది. కట్ట తెగింది గానీ చాలా గంటలు ఆలస్యంగా. మూడోసారి అసలు తెగనే లేదు.

ఇంజనీరు గారు మూడు కాగితాలూ పక్కపక్కన పరిచారు. ఆయన గొంతులో కోపం లేదు. "మూడు తూర్లకు మూడు మాటలు చెప్పే మిషన్ని నమ్మి, ఊరు ఖాళీ చేయించమని నేను ఎవురికి రాసేదమ్మా?"

ఆ మాటకు సిగ్గుపడ్డాను. అవే అంకెలు ఇచ్చినప్పుడు అదే జవాబు రావాలి. రాలేదంటే ఆ గదిలో నాకు తెలియకుండా ఏదో జరుగుతోంది. పది రోజులు దాని వెంట పడ్డాను. కేబుల్ చివరల మూతలు బిగించాను. ఒక్కో మెషీనునూ విడిగా నడిపించి చూశాను. విడిగా నడిపితే ఏ మెషీనుకూ తప్పు రాలేదు. కలిపితేనే వచ్చేది. చివరికి ప్రతి కబురు వచ్చిన సమయాన్నీ ఒక ఫైలులో రాయించాను. వేలకొద్దీ వరసలు. సాయంత్రం దాకా వాటిని చూసుకుంటూ పోగా, మూడో మెషీను రెండోదాని కబురు అందకముందే కదిలిపోతోందని తెలిసింది. ఆగమని చెప్పాల్సిన ఒక్క పంక్తి ప్రోగ్రాంలో లేదు. కబురు త్వరగా వస్తే కొత్త అంకె వాడుకునేది. ఆలస్యమైతే పాత అంకెతోనే ముందుకు పోయేది. అంటే పై చెరువు నుంచి వస్తున్న నీళ్లలో కొన్నిటిని అది చూడనే లేదు.

ఆ పంక్తి చేర్చి కంపైల్ చేశాను. మళ్లీ మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ ఒకే జవాబు, చివరి అంకెతో సహా. తప్పు దిద్దితే ప్రమాదం తగ్గుతుందేమోనని ఎక్కడో ఆశ ఉండేది. తగ్గలేదు. చూడకుండా వదిలేసిన నీళ్లన్నీ ఇప్పుడు లెక్కలోకి వచ్చాయి. కట్ట మొదటి కాగితంలో కన్నా ముందే తెగింది.

ఇంజనీరు గారు ఈసారి లవంగం ఉమ్మేసి, ఉత్తరం తనే రాశారు. "పంపిస్తా. పంపించినంత మాత్రాన పైవాళ్లు చదవతారని అనుకోబాక," అన్నారు. నెలన్నరకు జవాబు వచ్చింది. వచ్చే ఎండాకాలం కట్ట మరమ్మతుకు ఎస్టిమేట్లు పంపమన్నారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎండిపోయిన చెరువు కట్టకు తొందరేముంది?

శనివారం ఉదయగిరి పోయినప్పుడు నాయనకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన బడిలో ఉన్నన్నాళ్లూ అక్కడి ఆవరణలో వాన కొలిచే గాజు సీసా పెట్టి పిల్లల చేత అంకెలు రాయించేవాడు. రిటైరయ్యాక ఆ సీసాను ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఈడ కరువు వచ్చినా కొన్నేండ్లు వస్తది, వాన వచ్చినా ఒక్క రోజే వస్తది," అన్నాడు.

అక్టోబరు పొడిగానే పోయింది. నవంబరులో ఒకరోజు రేడియోలో వాయుగుండం అన్నారు. మా జిల్లాకు ఆ మాట కొత్త కాదు. సముద్రం వైపు వాళ్లు భయపడతారు, మా మెట్ట వైపు వాళ్లు నాలుగు చినుకులు దక్కుతాయని సంతోషపడతారు. మొదటి రోజు పట్టిన ముసురు రెండో రోజు మధ్యాహ్నానికి కుంభవృష్టి అయింది. గదిలో కూర్చున్న నాకు వాన కనిపించలేదు గానీ పైకప్పు రేకుల మీద చప్పుడు వినిపించింది. ఫ్యాను చప్పుళ్లన్నిటినీ అది మింగేసింది.

నాయన ఉదయగిరిలో ఎస్టీడీ బూత్ నుంచి మూడు గంటలకొకసారి ఫోన్ చేసి సీసాలో ఎంత పడిందో చెప్పేవాడు. నేను ఆ అంకెలను మెషీనులో ఎక్కించుకుంటూ పోయాను. సాయంత్రం చేసినప్పుడు ఆయన గొంతు మారింది.

"సీసా నిండిపోయిందమ్మా. పారబోసి మళ్లీ పెట్టినాను. మళ్లీ నిండింది. నడమ ఎంత పోయిందో నాకు తెలవదు."

"సుమారుగా చెప్పు నాయనా."

"సుమారుగా చెప్పేదానికి నాకు భయంగా ఉండాది," అన్నాడు. ఆ తర్వాత లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

కరెంటు అంతకు ముందే పోయింది. లారీ బ్యాటరీలతో నడిచే యూపీఎస్ మీద అన్ని మెషీన్లూ ఎన్ని గంటలు ఆడతాయో నాకు తెలుసు. పూర్తి లెక్కకు అవి చాలవు. గళ్లను పెద్దవి చేశాను. నాలుగో చెరువు కింద ఇళ్లు లేవు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేసి ఆ మెషీను ఆపేశాను. మిగిలిన మూడింటితో నడిపించాను. ఇంజనీరు గారు ఇంటికి పోలేదు. బెంచీ మీద గొడుగు పక్కన పెట్టుకుని కూర్చుని, అలాగే నిద్రపోయారు. తెల్లవారుతుండగా సర్వరు తెర మీద ఆఖరి వరస పడింది. నిమిషాల్లో యూపీఎస్ కీచుమని అరిచి అంతా ఆగిపోయింది. ప్రింటు తీసే వీలు లేకపోయింది. అంకెలు చేత్తో రాసుకున్నాను.

మూడో చెరువు ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో బండ్లు దిగే పల్లం మీదుగా పొర్లుతుంది.

ఇంజనీరు గారిని లేపి చెప్పాను. ఆయన కాగితం అడగలేదు. "ఈ తూరి ఇంకోసారి ఆడించమని చెప్పను," అన్నారు. ఫోన్ తీసి తిప్పారు. మండలాఫీసు పలకలేదు. పోలీసు స్టేషను ఒక్కటి పలికింది. రిసీవరు చేత్తో మూసి నా వైపు తిరిగారు. "జీపు తీసుకోని నువ్వు పో. ఆ పల్లెలో నీ మొగం తెలుసు. నేను ఈణ్నించి అందరికీ చెప్తా ఉంటాను."

దారిలో మూడు చోట్ల కల్వర్టుల మీద నీళ్లు పారుతున్నాయి. ప్రతిచోటా డ్రైవరు దిగి కర్రతో లోతు చూసి వచ్చాడు. మేము పల్లె చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది.

నేను అనుకున్నట్టుగా అక్కడ భయం లేదు. కట్ట మీద జాతరలా జనం ఉన్నారు. ఏళ్ల తర్వాత చెరువు నిండింది. ఆడవాళ్లు పళ్లెంలో పసుపు కుంకుమ తెచ్చి నీళ్లలో చల్లుతున్నారు. పిల్లలు కాగితం పడవలు వదులుతున్నారు. కలుజు మీద పొర్లే నీళ్ల చప్పుడు వింటూ మగవాళ్లు బీడీలు కాలుస్తున్నారు. అవతలి ఒడ్డు వానలో కనిపించడం లేదు. మట్టి రంగు నీళ్లు బండ్లు దిగే పల్లానికి మూరెడు కింది దాకా వచ్చి ఉన్నాయి.

నేను చెప్పిన మాట విని ఒకాయన నవ్వాడు. "ఈ చెరువు నిండిందే ఇన్నేండ్లకు. నిండిన పొద్దే తెగుద్దని చెప్పేదానికి వచ్చినావా తల్లా?"

నా చేతిలో తడిసిన కాగితం తప్ప ఏమీ లేదు. ఆ అంకెలు వాళ్లకెలా చూపించాలి? అప్పుడు లస్కర్ వచ్చాడు. తెల్లవారక ముందు నుంచీ కట్ట మీదే ఉన్నాడట. నెత్తిన గోనెసంచి కప్పుకుని, నీళ్లు కారుతూ నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఎంతసేపు ఉండాదమ్మా?"

"మధ్యాహ్నం రెండు గంటల దాకా ఆగద్ది అన్నా. లెక్క ప్రకారం."

"షట్టరు ఎత్తితే ఇంకాసేపు ఆగద్ది గదా?"

తూములోంచి ఎన్ని నీళ్లు పోగలవో నాకు తెలుసు. వచ్చే నీళ్ల ముందు అది ఏపాటిది? అయినా ఒక అరగంట కలిసి రావచ్చు. మనసులోనే లెక్క వేసుకుని, "ఆగద్ది," అన్నాను.

ఆయన జనం వైపు తిరిగాడు. అరవలేదు. రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పాడు. "ఈ పాప లెక్క కట్టింది. నేను ఆ లెక్క నమ్మినాను. మీరు పిల్లల్ని, ముసిలోళ్లని తీసుకోని మిట్ట ఎక్కండి. తెగకపోతే సాయంత్రం దిగొచ్చి నన్ను తిట్టండి."

పల్లెకు అవతల మిట్ట మీద ప్రార్థన మందిరం ఉంది. ఎవరో పోయి దాని గంట కొట్టడం మొదలుపెట్టారు. ఆదివారం కాని రోజున ఆ గంట వినిపించేసరికి ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా బయటికి వచ్చారు. ఇక ఒకరిని చూసి ఒకరు కదిలారు. మంచం పట్టిన తాతను మంచంతోనే మోశారు. గొర్రెల మందలు, కోళ్ల గంపలు, బియ్యం మూటలు. నేను, డ్రైవరు నడవలేనివాళ్లను జీపులో మిట్ట దాకా చేర్చి మళ్లీ వచ్చేవాళ్లం.

లస్కర్ కడ్డీ భుజాన వేసుకుని తూము దగ్గరికి పోయాడు. కట్ట నుంచి నీళ్లలోకి నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద ఒక పలక, పలక చివర షట్టరు మర. ఆయన కడ్డీ దూర్చి ఒంగి తిప్పడం మిట్ట మీద నుంచి చూశాను. మర బిగుసుకుపోయి ఉంది. ఒక చుట్టు తిరగడానికి చాలాసేపు పట్టేది.

పదిన్నర అయి ఉంటుంది. చివరి ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. అవ్వ తన గొర్రెలను మిట్ట మీదికి తోలేసి మళ్లీ కిందికి దిగిపోయింది. వద్దని పిలుస్తూ వెంటపడ్డాను. ఆమె కట్ట పాదం దగ్గర, ఎండాకాలంలో కర్రతో పొడిచిన చోటే నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టి లాగింది.

"ఇది సూడు. పొద్దున తేటగా వచ్చినాయి నీళ్లు."

కట్ట లోపలి నుంచి చిటికెన వేలంత ధార వస్తోంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చూస్తుండగానే ఆ వేలు బొటనవేలంత అయింది. ధారతో పాటు ఒక మట్టిగడ్డ బయటికి వచ్చి పడింది. లోపల కట్ట కరిగిపోతోంది. పైన నీళ్లు ఎప్పుడు పొర్లుతాయన్నదే నా లెక్కంతా. లోపలి నుంచి తినేస్తుందని ఏ మెషీనుకూ నేను చెప్పలేదు.

అవ్వను మిట్ట వైపు తోసి, నేను కట్ట ఎక్కాను. తూముకు యాభై గజాల దూరంలో ఆగి అరిచాను. "అన్నా! వచ్చేయ్! తెగతా ఉండాది, వచ్చేయ్!" కలుజు హోరులో ఆయనకు వినిపించిందో లేదో తెలియదు. తల ఎత్తి నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు. వస్తున్నానని ఊపాడో, నన్ను పొమ్మని ఊపాడో ఇప్పటికీ నాకు తెలియదు. మళ్లీ ఒంగి కడ్డీ పట్టుకున్నాడు. ఇంకా మూడు గంటల పైన టైం ఉందని ఆయన అనుకుంటున్నాడు. నేనే చెప్పాను.

డ్రైవరు వెనక నుంచి నా జబ్బ పట్టుకుని ఈడ్చాడు. మేము మిట్ట మొదలుకు చేరేసరికి గంట ఆగిపోయింది. గంట కొడుతున్నతను కూడా చూస్తున్నాడు. పెద్ద చప్పుడేమీ రాలేదు. తూము పక్కన కట్ట కొంచెం కుంగింది. కుంగిన చోట నీళ్లు నున్నగా వంగి కిందికి జారాయి. ఆ తర్వాత రెండు వైపులా మట్టి విరిగి పడుతూ పోయింది. పలక, రాతి స్తంభాలు, వాటి మీది మనిషి, అన్నీ ఒక్కసారే పోయాయి. పల్లె మీదుగా నీళ్లు పోతున్నంతసేపూ మిట్ట మీద ఎవరూ ఏడవలేదు. ఎవరి ఇల్లు ఎప్పుడు పడిందో వేలు చూపించి ఒకరికొకరు చెప్పుకున్నారు. అవ్వ తన కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడింది.

పల్లెలో ఒక్క ప్రాణం పోలేదు. లస్కర్ రెండు రోజుల తర్వాత నాలుగో చెరువు ఎగువన చిల్లకంపలో దొరికాడు. నేను లెక్కలోంచి తీసేసిన ఆ నాలుగో చెరువు నిలబడింది.

పదిహేను రోజులకు హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీర్లు వచ్చారు. కరెంటు వచ్చాక నేను అవే అంకెలతో పూర్తి రన్ నడిపి ఉంచాను, అదీ మధ్యాహ్నం రెండు గంటలనే చెప్పింది. ఆ కాగితాలు వాళ్లకు చూపించాను. చెరువు సరిగ్గా చెప్పారు, రోజు సరిగ్గా చెప్పారు అని మెచ్చుకున్నారు. ఈ మూడు గంటల తేడా పెద్దదేం కాదని, ఇటువంటి లెక్కల్లో అది మామూలేనని ఒకాయన నా భుజం తట్టాడు. వాళ్లు పోయాక మా ఇంజనీరు గారు ఆ కాగితాలను మడిచి సొరుగులో పెట్టి తాళం వేశారు. "నువ్వు ఆయన ఇంటికి పోయొస్తావా?" అని అడిగారు.

లస్కర్ ఇల్లు దుత్తలూరు దగ్గర ఒక పల్లె. నేను పోయేసరికి ఆయన భార్య ఒక్కతే ఉంది. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనెవరో చెప్పాను. చాప వేసి కూర్చోమంది. చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"ఆయన తూము కాడికి పోయేటప్పుడు, ఎంతసేపు ఉండాదని అనుకున్నాడమ్మా?"

దారంతా వేరే మాటలు సిద్ధం చేసుకున్నాను.

"మధ్యాహ్నం రెండు గంటల దాకా ఉండాదని. నేనే చెప్పినాను."

ఆమె చేతులు ఆగాయి. నా మొహంలోకి చూసింది. నేను తల దించుకోలేదు. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఈ మాట ఇంకెవురికైనా చెప్పినావా?"

"లేదు."

"చెప్పబాక. నా కొడుకులకు అసలు చెప్పబాక. తెగుద్దని తెలిసే వాళ్ల నాయన ఆడ నిలబడినాడని అనుకుంటా ఉండారు. బడిలో కూడా అట్టానే చెప్పినారంట. అట్టానే ఉండనీ."

"ఆయన చెప్పబట్టే అందరూ కదిలినారమ్మా. అది నిజం."

"నిజమే అయ్యుంటది," అంది ఆమె. ఇంకో గింజ తీసి పక్కన పెట్టింది. "ఆయనకు ఈతొచ్చు. టైం తక్కువుండాదని తెలిసుంటే దిగి వచ్చేసుండేవాడు. నాకు తెలుసు గదా ఆయన సంగతి. ప్రాణమంటే తీపి ఆయనకు."

నేను లేవబోతే మళ్లీ కూర్చోమంది. లోపలికి పోయి అన్నం పెట్టుకొచ్చింది. వద్దనలేకపోయాను. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, ఆత్మకూరులో ఎక్కడ ఉంటావు, ఎవరు వండుతారు, మీ నాయన ఆరోగ్యం ఎట్టా ఉండాది అని అడిగింది. చెరువు మాట మళ్లీ ఎత్తలేదు.

బస్సు దాకా సాగనంపడానికి రోడ్డు మీదికి వచ్చింది. బస్సు ఆలస్యమైంది. అవతల చేలో కొత్తగా దుక్కి దున్నుతున్నారు. వానకు నేల మెత్తబడింది. బస్సు వచ్చాక ఆమె నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. బస్సు కదిలాక విప్పి చూశాను. గింజ తీసిన చింతపండు.